గొంతులేని వాళ్లకు మైకు ఇప్పించే విధానం

అనంతపురంలో సామాజిక మార్పు మీద సదస్సు పెట్టదలచినవాళ్లు ముందుగా క్యాలెండరు తీయాలి. జూన్, జూలై వద్దు. ఆ నెలల్లో ఒక్క మంచి వాన పడిందంటే, మీరు పిలిచిన రైతు వక్త గొర్రు కట్టుకుని చేనికి పోతాడు. పదును ఆరకముందే విత్తనం పడాలంటాడు. బ్రోషర్లో ఆయన ఫోటో అచ్చయి ఉంటుంది, కుర్చీలో మాత్రం ఆయన ఉండడు. ఆగస్టు, సెప్టెంబరు కూడా నమ్మదగ్గవి కావు. చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసి ఉంటుంది. అప్పుడు వచ్చిన వక్తకు మనసు సభలో ఉండదు, ఆకాశంలో ఉంటుంది.

జనవరి, ఫిబ్రవరి మేలు. పంట వచ్చిందో పోయిందో తేలిపోయి ఉంటుంది. కాళ్లూ చేతులూ ఆడేవాళ్లు బెంగళూరుకో కేరళకో పోయి ఉంటారు. ఊళ్లో మిగిలినవాళ్లు తీరిగ్గా ఉంటారు, పిలిస్తే వస్తారు. వాన వచ్చి షామియానా తడుస్తుందన్న భయం ఎలాగూ లేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే నేల ఇది. నైరుతిని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం తీరంలోనే కురిసి అలసిపోతుంది. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత నిశ్చింతగా సభలు పెట్టుకోదగ్గ జిల్లా ఇదేనని చెబుతారు.

చోటు టౌన్లోనే చూసుకోండి. లలితకళా పరిషత్తు హాలుంది, ఏసీ కావాలంటే హోటళ్లున్నాయి. కొత్తగా వచ్చిన కుర్ర నిర్వాహకులు ఉత్సాహం కొద్దీ ‘ఊళ్లో రచ్చకట్ట మీద పెడదాం సార్’ అంటారు. ఒప్పుకోకండి. రచ్చకట్ట దగ్గర, వక్త చెప్పేది నిజమో కాదో తెలిసినవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. అది ఏ వక్త ఆరోగ్యానికీ మంచిది కాదు.

ఇక వక్తల ఎంపిక. ఒకప్పుడు ఒకే తీరు తెల్లచొక్కాలు ఐదు వేదిక మీద కూర్చుంటే సభ నిండుగా ఉందనేవాళ్లు. ఇప్పుడు నిధులిచ్చేవాళ్లు వైవిధ్యం అడుగుతున్నారు. ఒక దళిత మహిళ, ఒక వికలాంగుడు, ఒక ట్రాన్స్‌జెండర్, తండాలోంచి ఒక చదువుకున్న అమ్మాయి, అప్పులకు తాళలేక భర్త మందు తాగి పోయిన రైతు భార్య. ఫ్లెక్సీ మీద ఫోటో చూడగానే ఎవరు దేనికి ప్రతినిధో తెలిసిపోవాలి. ఖర్చు కలిసిరావాలనుకుంటే ఇందులో మూడు నాలుగు ఒకే మనిషిలో ఉన్నవాళ్లను వెతకండి. ఒక కుర్చీ, ఒక శాలువా, ఒక బస్సు టికెట్టు. అలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారని దిగులు పడకండి. ఈ జిల్లాలో ఏ మండలానికి పోయినా దొరుకుతారు.

వేదికకు మెట్లు తప్పకుండా ఉండాలి. ఎత్తయిన మెట్లయితే మరీ మంచిది. దీని విలువ నాకు ఒక సదస్సులో తెలిసింది. ఆనాటి అంశం ‘అందరికీ అందుబాటు’. చక్రాల కుర్చీలో వచ్చిన వక్తను నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తారు. నాలుగో మెట్టు మీదికి వచ్చేసరికి ఫోటోగ్రాఫరు, ‘అన్నా, అట్లే పట్టుకోండి, ఒక్క నిమిషం’ అన్నాడు. పట్టుకున్నారు. ఆ మనిషి గాల్లో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. రెండు చేతులతో కుర్చీ చేతుల్ని బిగబట్టుకుని, రాసుకొచ్చిన ఉపన్యాసం కాగితాలు జారిపోకుండా పళ్ల మధ్య కరిచిపెట్టుకున్నాడు. ‘ఇటు చూడన్నా, కొంచెం నవ్వు’ అన్నాడు ఫోటోగ్రాఫరు. కాగితాలు నోట్లో ఉన్న మనిషి ఎంత నవ్వగలడో అంతా నవ్వాడు. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫోటో మూడు కాలమ్‌లలో వచ్చింది. ఆయన ఏం మాట్లాడాడో రాలేదు. పలకలతో ఒక ర్యాంపు కట్టించి ఉంటే? తనంతట తాను ఎక్కి, మాట్లాడి, దిగిపోయేవాడు. పేపర్లో అంత జాగా దొరికేదా?

ఇప్పుడు అసలు సూత్రానికి వద్దాం. ఇది ఒక్కటి పట్టుబడితే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. ఊరి నుంచి వచ్చిన వక్తను తన బాధ చెప్పుకోనివ్వండి, లెక్క మాత్రం చెప్పనివ్వకండి.

బాధ చెబితే హాలంతా కళ్లు తుడుచుకుంటుంది. అందరూ ఏడ్చారు కాబట్టి అందరూ మంచివాళ్లే అయిపోతారు. ఇంటికి పోయి నిద్రపోవచ్చు. లెక్క చెబితే అట్లా కాదు. ‘మాకు ఇన్‌పుట్ సబ్సిడీ ఫలానా ఏడాదిది ఇంత రావాల, ఇంతే వచ్చింది, మిగిలింది ఎవరి దగ్గరుంది?’ అందనుకోండి, వేదిక మీద ఉన్నవాళ్లలో ఒకాయన లేచి నిలబడాల్సి వస్తుంది. ఆయన మీ ముఖ్య అతిథి అయి ఉంటాడు. అందుకే ఆమెకు ముందే చెప్పిపెట్టండి: ‘అక్కా, నీ కథ చెప్పు చాలు. నీ బిడ్డల గురించి చెప్పు. లెక్కలు ప్రొఫెసరుగారు చూసుకుంటారు.’ ఆమెకు ఐదు నిమిషాలు, ప్రొఫెసరుగారికి నలభై ఐదు. ఆయన చెప్పే లెక్కల్లో జిల్లా సగటు ఉంటుంది, దశాబ్దపు ధోరణి ఉంటుంది. ఎవరి పేరూ ఉండదు, కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

కీలకోపన్యాసం ఇంగ్లీషులో ఉంటే ఇంకా శ్రేష్ఠం. ముందు వరసలో కూర్చోబెట్టిన డ్వాక్రా మహిళలు నోట్లో మాట లేకుండా వింటారు, వీడియోలో అది ఏకాగ్రతలాగా కనిపిస్తుంది. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియడానికి ఒక కుర్రాణ్ని పక్కన నిలబెట్టండి.

సైగభాషలో మాట్లాడే వక్త జోలికి మాత్రం పోవద్దు. ఆశ పుడుతుంది, నాకు తెలుసు. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ నడిపే బధిరుల బడుల్లో చదువుకున్న పిల్లలు ఈ జిల్లాలో ఉన్నారు. చేతులతో మాట్లాడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, ఫోటోలూ బాగా వస్తాయి. కానీ సభా నిర్వహణ అన్నది చివరికి ఒక స్విచ్చి మీద ఆధారపడిన విద్య. వక్త దారి తప్పితే మైకుసెట్టు అతనికి కనుసైగ చేస్తే చాలు, సాంకేతిక లోపం వస్తుంది. సైగభాషకు సాంకేతిక లోపం రాదు. కరెంటు పోయినా, పగటిపూట అయితే, ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంటుంది.

అన్నిటికంటే క్షేమమైన వక్తలు చనిపోయినవాళ్లు. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉందని చెప్పుకునే వేమన్నను ఏ సభలోనైనా వాడుకోవచ్చు. కులం మీద, గుడి మీద, లోభి మీద ఆయన అన్నవన్నీ పద్యాలయిపోయాయి కాబట్టి పర్వాలేదు. అవే మాటలు ఇవాళ బతికున్న మనిషి వచనంలో అంటే ముందు పోలీసు పర్మిషన్ సంగతి చూసుకోవాలి.

అయితే చనిపోయినవాళ్లలోనూ ఏరుకోవాలి. తరిమెల నాగిరెడ్డి పేరు కుర్రాళ్లు జాబితాలో రాస్తారు, మెల్లిగా కొట్టేయండి. మన వృత్తికి ఆయన చేసినంత నష్టం ఎవరూ చేయలేదు. 1952 ఎన్నికల్లో ఆయన జైల్లో ఉండి అనంతపురంలో గెలిచాడు. అదీ ఎవరి మీద? సొంత బావ, తర్వాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి మీద. మైకు ముందు నిలబడకుండానే గెలవవచ్చని జనానికి తెలిస్తే మన గతేమిటి? సరే, అది పోనీ. 1969 మార్చిలో శాసనసభలో మాట్లాడి, మాట్లాడినవాడు ఊరికే కూర్చోక, ఈ సభవల్ల కాదని చెప్పి రాజీనామా చేసి బయటికి నడిచాడు. ఉపన్యాసం ఇచ్చాక శాలువా కప్పించుకోవాలి, భోజనానికి పోవాలి. పదవి వదిలేసి పోవడమేమిటి! ఆఖరికి కుట్ర కేసు కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం కూడా ‘తాకట్టులో భారతదేశం’ అని పుస్తకమై కూర్చుంది. పేజీల నిండా లెక్కలే. పైన చెప్పిన సూత్రం ఎందుకు పెట్టుకున్నామో అర్థమైందనుకుంటాను.

రచయితల్ని పిలవవచ్చు. ఈ జిల్లాకు ఆ లోటు లేదు. సింగమనేని నారాయణ సీమ రైతు కథ రాశాడు, చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ రాశాడు, బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. పుస్తకం చదవాల్సిన పనిలేదు. అవార్డు వచ్చేదాకా ఆగి, వచ్చిన వారంలో సన్మానం పెడితే సరిపోతుంది.

తీర్మానాలకు వెనకాడకండి. తీర్మానం చేయడానికి డబ్బు కాదు, ఓపిక కావాలి. 1928లో నంద్యాల సభల్లో దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కాలేజీ అధ్యాపకుడే. పేరు అదే రోజు వచ్చింది. నీళ్ల సంగతి మాట్లాడుకోవడానికి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్‌లో పెద్దమనుషులు కూర్చున్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమ జిల్లాలకు ముందు వాటా అని రాసుకున్నారు. మధ్యలో తుంగభద్ర ఎగువ కాలువ కొంత తడిపిందనుకోండి. కృష్ణ నీళ్లు మాత్రం హంద్రీ-నీవా కాలువలో మన జీడిపల్లి జలాశయానికి చేరింది 2012లో. డెబ్బై అయిదేళ్లు. కాబట్టి మీ సదస్సులో ఎంత ఘాటైన తీర్మానం చేసినా జంకనక్కర్లేదు. దాని ఫలితం చూసేనాటికి ఆ వేదిక మీద ఉన్నవాళ్లెవరూ జవాబు చెప్పుకునే స్థితిలో ఉండరు.

ఇంతవరకూ చెప్పింది చేయాల్సినవి. ఇప్పుడు ఎప్పటికీ చేయకూడనిది చెబుతాను. ఇది కొంచెం పెద్ద కథ.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లికి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో తొలివిడత 200 జిల్లాలకు అక్కడే కొబ్బరికాయ కొట్టినట్టు. ఆ ఊరి కూలిమనిషి చేతికి జాబ్ కార్డు ఇచ్చారు, ఉపన్యాసాలు జరిగాయి, దేశమంతా ఆ ఊరి పేరు చదువుకుంది. నిర్వాహకుడిగా ఏ వంకా పెట్టలేను. జనం ఆ పథకాన్ని తమ పాత అలవాటు కొద్దీ ‘కరువు పని’ అని పిలుచుకున్నారు, పర్వాలేదు. తిరకాసంతా ఆ పథకం చట్టం 17వ సెక్షన్‌లో ఉండింది. పనుల లెక్కను గ్రామసభే తనిఖీ చేసుకుంటుందని అందులో రాశారు.

రాజస్థాన్‌లో అరుణా రాయ్ వాళ్ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచే ఈ పిచ్చి పని చేస్తోంది. పంచాయతీ బిల్లులు తెచ్చి ఊరి నడుమ గట్టిగా చదవడం. అక్కడ జనం పోరాడి చేయించుకున్నదాన్ని ఇక్కడ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తనంతట తానే నెత్తికెత్తుకుంది. 2006లోనే అనంతపురం పల్లెల్లో సామాజిక తనిఖీ యాత్ర జరిగింది. 2009లో దానికోసం ఒక సొసైటీనే పెట్టారు. మాలాంటి అనుభవజ్ఞుల్ని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

అది ఎట్లా జరుగుతుందో చూడండి. కూలీల ఇళ్లలోనే నాలుగక్షరాలు వచ్చిన పిల్లల్ని ఏరుకుంటారు. మస్టర్లు వాళ్ల చేతికిస్తారు. మస్టరంటే పేరు, కార్డు నంబరు, పనిచేసిన రోజులు, కూలి, పక్కన వేలిముద్ర. ఆ పిల్ల మిట్టమధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటుంది. కాగితం మీద వేలు పెట్టి, వరస వెంబడి జరుపుకుంటూ చదువుతుంది. ‘అక్కా, చెరువు పూడిక పనిలో ఆరు దినాలు చేసినావని ఉంది. నిజమేనా?’ ‘ఆ వారం నేను బెంగళూరులో ఉంటిని కదమ్మా, బిల్డింగు పనికి.’ పిల్ల ఒక గుర్తు పెడుతుంది. వేలు కింది వరసకు జరుగుతుంది. ‘ఈ పేరు?’ ‘అది మా మామ. పోయి రెండేండ్లాయ. దుడ్లు ఎవరు తీసుకున్న్యారంట?’ ఇంకో గుర్తు. తర్వాత టేపు పట్టుకుని చేలోకి పోతారు. కాగితంలో ఉన్న ఫారంపాండు చేలో ఉండదు, ఉన్నా సగం లోతే ఉంటుంది. పిల్లలు దిగి కొలుస్తారు, రాసుకుంటారు.

ఆ తర్వాత మండల ఆఫీసు ముందర ప్రజావేదిక. షామియానా మనం తెప్పించేదే, మైకుసెట్టు మనదే, ప్లాస్టిక్ కుర్చీలూ అవే. ఆ పిల్లకు శాలువా లేదు, ఆమె బయోడేటా ఎవరూ చదవలేదు. ఆమె కన్నీళ్లు పెట్టుకోదు, ఎవరినీ పెట్టించదు. ఊరి పేరు, పని పేరు, మస్టర్ నంబరు, మొత్తం. చదివి ఆగుతుంది. ఎదురుగా అధికారి కూర్చుని ఉంటాడు, పక్కన ఫీల్డ్ అసిస్టెంటు నిలబడి ఉంటాడు. సంతకం ఎవరిదని అడుగుతారు. ఎంత వసూలు చేయాలో అక్కడే రాస్తారు. పొద్దున మొదలైంది చీకటి పడేదాకా సాగుతుంది, జనం లేచిపోరు. నా సభల్లో భోజనాలయ్యాక సగం కుర్చీలు ఖాళీ అయిపోతాయి. ఒక్కసారి అసూయ కలిగిన మాట నిజం.

అయినా అధైర్యపడనక్కర్లేదు. తేలిన డబ్బులో తిరిగి వసూలైంది కొంతే. అరుగు మీద నిజం చెప్పిన అక్క ప్రజావేదికకు వచ్చేసరికి ‘నేనట్లా అనలేదు, దుడ్లు ముట్టినాయి’ అనేలా ముందురాత్రి ఎవరో ఇంటికి పోయి నచ్చజెప్పి వస్తుంటారు. పని పోతుందన్న భయం, ఊళ్లో బతకాలన్న భయం. ఇవి మన వృత్తికి పాత స్నేహితులు. మనం చేయాల్సిందల్లా మిగిలిన ఆ కాస్త మొండితనాన్ని కూడా గౌరవించి చంపడం. ఆ తనిఖీ పిల్లను మన సదస్సుకు పిలవండి. ‘మార్పు దూత’ అని మెమెంటో ఇవ్వండి. ఆమె ప్రయాణం గురించి, చిన్ననాటి కష్టాల గురించి, స్ఫూర్తి గురించి మాట్లాడమనండి. మస్టర్లు తెచ్చుకోవద్దని ఫోన్లోనే చెప్పండి. నాలుగు సదస్సులు తిరిగాక ఆమెకు ఏ మండలం మస్టరూ గుర్తుండదు.

ఇంకో ప్రమాదం రాత్రిబడులు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి పుస్తకం చదువుకున్న ఆడవాళ్లు 1992లో పాఠం మూసేసి సారా అంగడి మీదికి పోయారు. రోశమ్మ ముందు నడిచింది. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరులో, రాష్ట్రంలో సారా నిషేధం. ఆమె కీలకోపన్యాసం ఎక్కడిచ్చింది? ఎక్కడా లేదు. దుకాణం ముందు నిలబడింది, అంతే. ఇట్లాంటి వాళ్లను సకాలంలో వేదిక ఎక్కించి ఉంటే ప్రభుత్వానికి ఎంత ఆదాయం మిగిలేది!

చివరగా ప్రశ్నోత్తరాలు. పెట్టకపోవడమే మేలు. నిధులిచ్చినవాళ్లు పట్టుబడితే ‘సమయాభావం వల్ల రెండే ప్రశ్నలు’ అనండి. రెండూ మీ మనుషుల చేత అడిగించండి. ఇంత చేసినా, వెనక వరసలో ఒక ముసలామె చేయి ఎత్తుతుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు ఎత్తుతారు. మైకు ఇవ్వకపోయినా ఆమె గొంతు హాలంతా వినబడుతుంది. చేలల్లో ఈ గట్టు మీది నుంచి ఆ గట్టుకు పిలిచి పిలిచి పెరిగిన గొంతు అది. ‘సామీ, మీరందరూ బాగా చెప్పినారు. మా ఊళ్లో నలభైమంది కరువు పని చేసి ఎనిమిది వారాలాయ. దుడ్లు పడలేదు. మీలో ఎవరు రాస్తారు కాగితం?’

వేదిక మీద అందరూ పక్కవాళ్ల వైపు చూస్తారు. ప్రొఫెసరుగారు కళ్లజోడు తుడుచుకుంటారు. ముఖ్య అతిథికి ఫోను వస్తుంది. అప్పుడు మీరు చప్పున మైకు అందుకుని భోజనాలు రెడీ అని ప్రకటించండి. ఓళిగలు వేడిగా ఉన్నాయని చెప్పండి. నెయ్యి కూడా ఉందని చెప్పండి. ఆమె కూర్చోకపోతే మళ్లీ చెప్పండి.